దూది లేని తంతి

మా ఊళ్ళో పాత ఇంటి అటుక కూలేలా ఉందని మా తమ్ముడి కొడుకు మొన్న దాని మీదున్న సామానంతా దించాడు. నాకు పనికొస్తాయని వాడికి తోచినవన్నీ ఆటోలో వేసి మెదక్‌లో ఉన్న నా ఇంటికి పంపాడు. ఒక ఇత్తడి బిందె, కాలు విరిగిన పీట, అవ్వ వాడిన ఇసుర్రాయి, వాటి కింద చుట్టచుట్టి తాడుతో కట్టిన పరుపు ఒకటి. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. పరుపును ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. పారేయమన్నాను. మా ఇంట్లో పనిచేసే మనిషి ఊరుకోలేదు, మంచి దూదిలా ఉంది, మిషన్ దగ్గర ఏకిస్తే రెండు తలకింది మెత్తలన్నా అవుతాయని సతాయించింది. సరే, ఆమె నోటికి భయపడి బస్టాండు వెనక దూది మిషన్ పెట్టుకున్న పిల్లవాడి దగ్గరికి ఆటోలో పట్టుకుపోయాను. అతను పరుపు కుట్లు కోసి పిడికెడు దూది తీశాడు. వేళ్ళ మధ్య నలిపి వెలుతురులో పట్టి చూశాడు.

“అమ్మా, దీంట్ల ఒక్క గింజ లేదు, ఒక్క చెత్త లేదు. మిషన్ల ఏస్తే ఖరాబైతది. ఎవరు ఏకిండ్రో గని మస్తు పనోడు” అన్నాడు.

ఎవరు ఏకారో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినదాన్ని, ఆ పిడికెడు దూది అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ పరుపులో కుక్కాను. అతను వేరేవాళ్ళ దూది వేసి మిషన్ నడిపించాడు. ఆ రొదకు రోడ్డు మీద మనుషులు చెవుల దగ్గర అరిచి మాట్లాడుకుంటున్నారు. నేను పరుపు మళ్ళీ కుట్టించుకుని అదే ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. ముసలిదానికి మతి తప్పిందనుకుని ఉంటాడు. తప్పితే ఎంత బాగుండేది!

దాన్ని ఏకినవాడు ఇమాంసాబు. మా ఊరి దూదేకులాయన. నాకు ఇమాం తాత. మా ఊరు మెదక్‌కు రెండు కోసుల దూరం, హవేలిఘనపూర్ వైపు. చేను గట్టెక్కితే చర్చి గోపురం కొస కనిపించేది. పట్టుమని యాభై గడపలు లేవు. మెదక్ బాట ఊళ్ళోకి మళ్ళే చోట మొదటి ఇల్లు ఇమాం తాతది, అదే వాడలో నాలుగిళ్ళ అవతల మాది. తాత ఇంటి ముందు దించిన రేకుల సాయబాన కింద దూలానికి ఒక పెద్ద విల్లు వేలాడేది. దానికి నరంతో పేనిన తంతి. కింద దూది పోసుకుని, ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడిచేతిలో ఉన్న కర్ర గుండుతో తంతిని కొడుతుంటే దూది పొగలా లేచేది. తాత గడ్డం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా అయ్యేవి. ఆయన భార్య బీబమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని దగ్గుతూ ఆ దూదిని పక్కకు లాగేది. నేను పొద్దస్తమానం అక్కడే. తలంతా దూది అంటించుకుని ఇంటికి వస్తే అవ్వ వీపు మీద రెండు చరిచి, పేలు చూసినట్టు ఒక్కో పోగూ ఏరేది.

దూదిలో తంతి కొట్టినప్పుడు వచ్చే చప్పుడు మెత్తగా ఉంటుంది, డుమ్ము డుమ్మని, కడుపులోంచి వచ్చినట్టు. మా ఇంట్లో పనులన్నీ ఆ చప్పుడు మీదే సాగేవి. పొద్దున పశువులకు నానబెట్టిన పత్తిగింజల వాసన, వాకిట్లో పచ్చి అలుకు వాసన, నాయిన చుట్ట వాసన, పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, వాటికి తోడు ఆ చప్పుడు. నాయిన రొట్టె తినేటప్పుడు మొదటి ముక్క చేతిలో పట్టుకుని కాసేపు ఆగేవాడు. ఎందుకు ఆగుతాడో నాకు చిన్నప్పుడు తెలియదు. వాన కోసం చెవి పెట్టేవాడట, వానాకాలం కాకపోయినా అదే అలవాటు. కరువు చూసిన మనిషి, అంతే.

నాకు పదేళ్ళప్పుడు, నైజాం చివరి ఏడాదిలో, ఆయన చెవి పెట్టింది వాన కోసం కాదు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. మెదక్ నుంచి బండ్ల మీద, గుర్రాల మీద వచ్చేవారు. ధాన్యం ఎత్తుకుపోవడం ఒకటైతే, కమ్యూనిస్టులకు అన్నం పెట్టారని చెప్పి మగవాళ్ళను పట్టుకుపోవడం ఇంకొకటి. ఎల్దుర్తి దిక్కు ఒక ఊళ్ళో ఇళ్ళు తగలబెడితే ఆ పొగ మాకు రెండు రోజులు కనిపించింది. మా అవ్వ ఆ రెండు రోజులూ పొయ్యి వెలిగించలేదు. మన పొగ చూసి ఇటు వస్తారని ఆమె భయం. అంతకుముందు కాచిన అంబలి తాగి పడుకున్నాం. ఆకలి నాకు పెద్దగా గుర్తు లేదు. చల్లారిన ఆ పొయ్యి మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు నాయిన ఊరి కావలి పెట్టాడు. నాయిన చదువుకున్నవాడు కాదు, గొంతు చించుకునేవాడూ కాదు. ఏ పనినైనా వంతులు వేయడం ఆయనకు పిచ్చి. ఒకనాడు పట్టపగలు మా పశువుల కొట్టంలో ఊరి మగవాళ్ళనందరినీ కూర్చోబెట్టాడు. కావలికి కొత్త వరస అక్కర్లేదన్నాడు. చెరువు నీళ్ళు ఎవరి తర్వాత ఎవరు పొలానికి తిప్పుకుంటారో ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు, ఆ నీళ్ళ వంతే కావలి వంతు అన్నాడు. నీళ్ళ వంతు తప్పడం మా ఊళ్ళో మనిషిని కొట్టినంత తప్పు, అందుకని ఒక్కరూ మారు మాట్లాడలేదు. జొన్నచేలలో పిట్టలను కొట్టే వడిసెలలు బయటికి వచ్చాయి. ఆడవాళ్ళు కారం పొడి ముంతల్లో పోసి తలుపుల వెనక పెట్టుకున్నారు. వాటితో తుపాకులను ఆపగలమని ఎవరూ అనుకోలేదు. ఊరికే చేతులు ముడుచుకుని కూర్చోలేక చేసిన పనులవి.

చిక్కల్లా ముందుగా తెలిసేదెట్లా అన్న దగ్గర వచ్చింది. డప్పు కొడితే కొట్టినవాణ్ణే ముందు చంపుతారు. గంట మోగిస్తే వాళ్ళకూ అర్థమవుతుంది. కేక వేస్తే సరేసరి. అంతా తలలు పట్టుకుని కూర్చున్నారు. తలుపు దగ్గర గొంతుక్కూర్చున్న ఇమాం తాత అప్పుడు నాయిన వైపు తిరిగి నోరు తెరిచాడు.

“పటేలా, వచ్చేటోడు ఎవడైనా ముందుగాల నా వాకిలి ముంగల్నుంచే రావాలె. నన్ను జూస్తే వాళ్ళకు అనుమానం రాదు. దూదిల కొడితే ఒక సప్పుడు, వట్టి తంతి కొడితే ఒక సప్పుడు. వట్టి తంతి ఏ దూదేకులోడు కొట్టడు, తెగుతది. గది ఇనొస్తే వాళ్ళొచ్చినట్టు.”

మా చిన్నాయిన నర్సింలు, అంటే నాయిన తమ్ముడు, గయ్యిమని లేచాడు. ఆయనది ఉడుకు నెత్తురు. రేపు వాళ్ళు రమ్మంటే ఈ సాబు వాళ్ళ వెంట పోడని ఏం నమ్మకమని ఆయన ముఖం మీదే అడిగాడు. కొట్టంలో ఎవరూ తలెత్తలేదు. ఇమాం తాతకు కోపం రాలేదు.

“నర్సింలూ, నువ్వు పుట్టిన్నాడు నీ కింద పరిచిన బొంతల దూది నేనే ఏకిన” అన్నాడు.

అంతటితో ఆ మాట తెగింది. నాయిన కట్టుబాటు చెప్పాడు. వట్టి తంతి మూడుసార్లు వినిపిస్తే మగవాళ్ళు వెనక దొడ్డి నుంచి జొన్నచేలోకి పోవాలి, ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి గడియ పెట్టాలి. వాళ్ళు వెళ్ళిపోయాక తాత మళ్ళీ దూదిలో కొడతాడు. ఆ మెత్త చప్పుడు వచ్చేదాకా ఎవరూ గడియ తీయకూడదు. బయటనుంచి ఎవరు పిలిచినా సరే తీయకూడదు. దానికి ఇమాం తాతే ఒక మాట కలిపాడు, నేను పిలిచినా తీయొద్దు, నన్ను కొట్టి పిలిపించొచ్చు అని. గేదె మెడ మీద చేయి వేసి నిలబడి ఆ మాట నేను చెవులారా విన్నాను. మా ఇంటి గడియ పెట్టే పని నాకు పడింది. అవ్వ పొయ్యి ఆర్పాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. టేకు కర్రతో చేసిన గడియ నా చేయంత లావు ఉండేది, రెండు చేతులతో తోస్తే గాని పడేది కాదు. రోజూ దాని మీద వేలాడి అలవాటు చేసుకున్నాను.

ఆ వట్టి తంతి చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. టంయ్‌మని పళ్ళు జివ్వుమనేట్టు ఉండేది. నాలుగైదుసార్లు విన్నాం. ప్రతిసారీ మా కావలి నిలబడింది. వాళ్ళు వచ్చి మూసిన తలుపులను తన్ని, ఇమాం తాతను మగవాళ్ళంతా ఏరని అడిగి, ఆయన కూలికి పోయారంటే తిట్టి, దొరికిన కోళ్ళను పట్టుకుని పోయేవారు. ఒకసారి మాత్రం తాతను చెంప మీద కొట్టారు. నీ కులపోళ్ళు దేశం కోసం తిరుగుతుంటే నువ్వు దూది ఏక్కుంటున్నావా, మాతో రా అన్నారట. కాళ్ళు పనిచేయవని కుంటుతూ చూపించాడట. వాళ్ళు పోయాక మెత్త చప్పుడు వినిపించింది. ఆనాడు దాంట్లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ ఎడం ఎక్కువగా ఉంది. అవ్వ ఒక గిన్నెలో చల్ల పోసి ఇచ్చి పంపితే తీసుకుపోయాను. చెంప వాచి కన్ను మూసుకుపోయి ఉంది. బిడ్డా, తంతి బాగ వినొచ్చిందా అని అడిగాడు. ఆ చలికాలమే మా చేని పత్తి తీసుకుని నాయిన కోసం ఈ పరుపు ఏకి ఇచ్చాడు. చేలో తడి నేల మీద పడుకుని నాయినకు నడుము పట్టేసింది, దానికని.

తర్వాత ఇండియా మిలట్రీ వచ్చింది. పోలీసు చర్య అని పెద్దయ్యాక పుస్తకాల్లో చదువుకున్నాను గాని, ఊళ్ళో మేమంతా మిలట్రీ వచ్చింది అనే అనేవాళ్ళం. తూప్రాన్ బాట మీద లారీలు పోతున్నాయని, నైజాం దిగిపోయాడని, రజాకార్లు తుపాకులు బావుల్లో పారేసి పరారయ్యారని రోజుకో కబురు వచ్చేది. నాయిన గట్టిగా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. అవ్వ పొయ్యి నిండా కట్టెలు పెట్టి, పొగ ఎంత వస్తే అంత రానిమ్మని, సజ్జ గారెలు చేసింది. ఇమాం తాత ఇంటికి కూడా పంపింది. కావలి వంతులు ఆపేశారు. అయితే కట్టుబాటు రద్దయిందని ఎవరూ అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదు. మా ఊరి తప్పు అదే. మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

కొన్నాళ్ళకు ఇంకో రకం కబుర్లు మొదలయ్యాయి. ఫలానా ఊళ్ళో సాబుల ఇళ్ళు దోచుకున్నారట, ఫలానా చోట బావిలో తోశారట. దెబ్బలు కొట్టినవాళ్ళు తప్పించుకుపోయారు, ఊళ్ళో మిగిలినవాళ్ళు చిక్కారు. బీబమ్మ అవ్వ దగ్గరికి వచ్చి కూర్చుని, మేం కూడా మెదక్‌లో మా అక్క ఇంటికి పోదామా అని అడిగింది. అవ్వ ఆమెను గదమాయించింది, మీకేం భయం, ఊరంతా మీ వెనక ఉంది అంది. ఉందనే అవ్వ నమ్మింది. నేనూ నమ్మాను. బీబమ్మ నమ్మి ఇంటికి పోయింది.

ఆరోజు పొద్దు నడినెత్తికి రాలేదు. నాయిన, చిన్నాయిన రొట్టె తింటున్నారు. నాయిన మొదటి ముక్క చేతిలో పట్టుకుని ఆగాడు. టంయ్‌మంది. మళ్ళీ టంయ్, టంయ్. ఎవరం ఏమీ ఆలోచించలేదు. నిప్పు తగిలిన చేయి వెనక్కి వచ్చినట్టు మా ఒళ్ళు దానంతట అదే కదిలింది. నాయిన, చిన్నాయిన దొడ్డి దాటి జొన్నల్లోకి పోయారు. అవ్వ పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించింది. నేను పరుగెత్తి గడియ తోశాను. వాడంతా గడియల చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి.

కాని ఆ తంతి మూడుతో ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. ఆగకుండా, వరస లేకుండా కొడుతూనే ఉన్నాడు. అవ్వ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొయ్యిలోంచి తడి బూడిద వాసన. మధ్యలో ఒకసారి ఇమాం తాత గొంతు వినిపించింది, “పటేలా” అని. ఒక్కసారే. నాకు అప్పుడు తెలిసింది. రజాకార్లు లేరు కదా, ఇంకెవరు వస్తారు, తాత మమ్మల్ని దాక్కోమని కొట్టడం లేదు, రమ్మని కొడుతున్నాడు అని పదేళ్ళ దానికి తెలిసింది. గడియ మీద చేయి వేశాను. అవ్వ వచ్చి నా చేయి మీద తన చేయి పెట్టి గట్టిగా అదిమింది. 

“నీ నాయిన రానీ. మెత్త సప్పుడు రానీ” అంది.

అవ్వకూ తెలుసు. ఆమె కళ్ళు చూశాను గనక చెబుతున్నాను. నాకు తెలిసినట్టు ఆమెకూ తెలుసు. నేను పెనుగులాడి ఉండొచ్చు, అరిచి ఉండొచ్చు. రెండూ చేయలేదు. తంతి తెగింది. తెగిన చప్పుడు వేరుగా ఉంటుంది. ఆ తర్వాత కొన్ని కాళ్ళు మా వాకిలి ముందు నుంచి నడిచిపోయాయి, ఏదో బరువు మోసుకుపోతున్నట్టు. వాళ్ళు తెలుగే మాట్లాడుకుంటున్నారు. ఒకడు నవ్వాడు కూడా.

జొన్నచేలో సంగతి చిన్నాయిన చాలా ఏళ్ళకు చెప్పాడు. తంతి ఆగకపోయేసరికి నాయిన లేవబోయాడట. చిన్నాయిన కాలు పట్టుకుని ఆపి, మెత్త చప్పుడు వచ్చేదాకా లేవద్దన్నది నువ్వే కదా అన్నాడట. నాయిన మళ్ళీ పడుకున్నాడట. పడుకున్నాడు అన్న ముక్క చెప్పి చిన్నాయిన వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత ఉడుకు మనిషి! నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఇప్పుడూ కలగదు. నా మీద నాకు కలగనిది ఆయన మీద ఎందుకు కలుగుతుంది?

ఊరంతా ఎండ వాలేదాకా అట్లాగే గడియలు పెట్టుకుని కూర్చుంది, మెత్త చప్పుడు కోసం. కొట్టవలసినవాడు గడప మీద చచ్చిపడి ఉంటే ఎక్కడినుంచి వస్తుంది? చివరికి నాయినే చేలోంచి లేచి వచ్చి తాత వాకిట్లో నిలబడ్డాడు. ఇంట్లో సామాను లేదు. దూది అంతా కాళ్ళకింద తొక్కి ఉంది, కొంత ఎర్రగా ఉంది. బీబమ్మ ఇంటి వెనక పత్తిగింజల కుప్పలో కూరుకుపోయి ఉంది, బతికే ఉంది. తాత కుడిచేతిలోంచి కర్ర గుండు తీయడానికి నాయినకు చాలాసేపు పట్టింది. వచ్చినవాళ్ళు మా ఊరివాళ్ళు కారు. పక్క ఊళ్ళవాళ్ళు, పది మందికి మించి లేరట. మా ఊళ్ళో మగవాళ్ళు అరవై మంది, వడిసెలలు, కారం ముంతలు, అన్నీ ఉన్నాయి. తలుపులు తీసి ఊరికే బయట నిలబడ్డా వాళ్ళు పారిపోయేవారని నాయిన చచ్చేదాకా అన్నాడు.

బీబమ్మ నాలుగో రోజు మెదక్‌కు వెళ్ళిపోయింది. బండి కట్టి తీసుకుపోతానని నాయిన అంటే వద్దంది. పోయేముందు మా వాకిట్లో నిలబడి అవ్వను ఒకే ఒక్క మాట అడిగింది, “ఇనొచ్చిందా అక్కా?” అని. అవ్వ తల దించుకుంది. బీబమ్మ మూట ఎత్తుకుని నడిచి పోయింది. నాయిన ఆ పరుపు చుట్టి అటుక మీద పెట్టించాడు. నడుము నొప్పితో బతికినన్నాళ్ళూ నులక మంచం మీదే పడుకున్నాడు.

పెద్ద క్లాసుల్లో ఉర్దూ సారు ఒకసారి రజాకారు అంటే అర్థం చెప్పాడు. ఎవరూ బలవంతం చేయకుండా, తనంతట తాను ముందుకు వచ్చినవాడు అట. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. సారు కొడతాడనుకున్నాను, కొట్టలేదు. మా ఊళ్ళో అట్లా వచ్చినవాడు ఒక్కడే.

పోయిన నెల మా కాలనీలో కూడా కావలి కమిటీ పెట్టారు. దొంగతనాలు ఎక్కువయ్యాయట. పెద్దదాన్నని నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. కెమెరాలు, ఫోన్లో గ్రూపు, ఈల, అన్నీ బాగానే ఉన్నాయి. కిరాయికి వచ్చేవాళ్ళ పేర్లు ముందే కనుక్కుని, కొన్ని పేర్లవాళ్ళకు ఇళ్ళు ఇవ్వొద్దని ఒకాయన అన్నాడు. చదువుకున్నవాడే. నేను లేచి, ఈల ఊదితే అందరూ బయటికి వస్తారా, తలుపులు వేసుకుంటారా, అది ముందు తేల్చండి అన్నాను. ఏం అడుగుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. టీ ఇచ్చారు. శాలువా అక్కడే వదిలి వచ్చాను.

అవ్వ చివరి రెండేళ్ళు నా దగ్గరే ఉంది. చెవులు పూర్తిగా పోయాయి, మనుషులను గుర్తుపట్టేది కాదు. కాని పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు మంచం మీద లేచి కూర్చుని తలుపు వైపు చూసేది. మెత్త సప్పుడు వచ్చిందా బిడ్డా అని అడిగేది. రాలేదవ్వా అని చెయ్యి ఊపేదాన్ని. సరేనని పడుకునేది. రోజూ ఇదే. ఆమెకు అబద్ధం చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. నన్ను ఊరడించడానికీ ఎవరూ అబద్ధం చెప్పలేదు కదా అని ఒక కసి ఉండేది లోపల. పోయేముందు రోజు కూడా లేపి కూర్చోబెట్టమంది, అడిగింది. ముఖం పసిపిల్లలా ఉంది. రాలేదని చెప్పడం ఆరోజు నా వల్ల కాలేదు. వచ్చింది అవ్వా అని తల ఊపాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. అదే చెయ్యి.

“అయితే గడియ తియ్యి” అంది.

లేచి వెళ్ళి గొళ్ళెం తీశాను. తలుపులు రెండూ బార్లా తెరిచాను. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు.